కండక్టరు లేని బస్సు

వాన పడుతున్న ఆ ఉదయం, కదలకూడని క్షణంలో బస్సు ఎందుకు కదిలిందని అడిగితే ఆ ఇంట్లో ముగ్గురి దగ్గరా మూడు జవాబులు ఉండేవి. డ్రైవరు తనవల్లే అనుకున్నాడు. అతని భార్య వానవల్ల అంది. నాలుగో తరగతి చదివే కూతురు పైకి ఏమీ అనలేదు గానీ, తనవల్లేనని లోపల ఖాయం చేసేసుకుంది. ఈ మూడో జవాబు సంగతి పెద్దవాళ్ళిద్దరికీ ఆలస్యంగా తెలిసింది. పిల్లలు నోరు మూసుకుని కూర్చుంటే బుద్ధిగా ఉన్నారని మురిసిపోవడం మనకి అలవాటే కదా.

సంగతి అర్థం కావాలంటే ముందు ఆ డ్రైవరు చెవుల గురించి చెప్పాలి. సొంత దేశంలో ఉన్నన్నాళ్ళూ అతను బస్సుని సగం కళ్ళతో, సగం చెవులతో నడిపాడు. బస్సు నిండా జనం, సంచులు, గంపలు. తలుపు దగ్గర ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ ఎప్పుడూ కుస్తీయే. అద్దంలో చూస్తే ఎవరిదో జబ్బ, ఇంకెవరిదో జడ తప్ప ఏమీ కనిపించేది కాదు. చూడాల్సిన అవసరమూ లేదు, వెనక కండక్టరు ఉన్నాడు. అందరూ దిగారనీ, ఎవరి కాలూ మెట్టు మీద మిగల్లేదనీ ఆ కండక్టరు చూసుకుని బస్సు రేకు మీద అరచేత్తో కొట్టేవాడు. ఒక దెబ్బ పడితే ఆగాలి, రెండు పడితే కదలాలి. "రైట్ రైట్" అనే కేక జనం కోసం. డ్రైవరుకి ఆ రెండు దెబ్బలే చాలు.

"నా చెయ్యి కొడితే నీ కాలు కదుల్తుంది బావా. మనిద్దరం కలిస్తేనే ఒక మనిషి," అనేవాడు కండక్టరు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఏళ్ళ తరబడి ఒకే బస్సులో దుమ్ము మింగితే బావా అనే పిలుపు దానంతటదే వస్తుంది.

అలాంటి మనిషి భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని పరాయి దేశం వచ్చి మళ్ళీ బస్సే పట్టుకున్నాడు. డ్రైవర్లు దొరకడం లేదని వాళ్ళే పిలిచారు. జీతం బాగుంది, రోడ్లు బాగున్నాయి, బస్సు అత్తారింటికి పంపే సారెలా తళతళలాడుతోంది. అందులో లేనివాడల్లా కండక్టరు. డబ్బులు పుచ్చుకోవడానికి ఒక పెట్టె, తలుపు మూయడానికి ఒక మీట. వెనక ఏం జరుగుతోందో చూడాలంటే అద్దాలు, ఒక చిన్న తెర. అంతే.

"అద్దం చూడు. తలుపు మూసే ముందు చూడు, మూశాక చూడు, కదిలే ముందు మళ్ళీ చూడు. బస్సు కదలాల్సింది నీ కళ్ళు చెప్పాక. ఇంకెవరు చెప్పినా కదలకూడదు," అని నేర్పింది శిక్షణ ఇచ్చినామె. పరీక్ష రోజున డ్రైవరు పెళ్ళిచూపుల్లో కూర్చున్న వరుడిలా బుద్ధిగా, చూడమన్న చోటల్లా చూసి గట్టెక్కాడు. కానీ పరీక్ష వేరు, రోజూ నడపడం వేరు. ప్రతి స్టాపులోనూ అద్దం చూసేవాడు, ఎవరూ లేరనుకునేవాడు, అయినా బ్రేకు మీద నుంచి పాదం లేచేది కాదు. ఎవరైనా మిగిలిపోయారేమో! మళ్ళీ చూసేవాడు. వెనక కూర్చున్నవాళ్ళు గడియారాలు చూసుకునేవాళ్ళు. బస్సు రోజూ ఆలస్యమే. డిపో సూపర్‌వైజరు మంచివాడే గానీ, "ఇంకా పరీక్షా కాలంలోనే ఉన్నావు, గుర్తుంచుకో," అని అప్పుడప్పుడూ గుర్తు చేసేవాడు. ఆ ఉద్యోగం ఉన్నంతవరకే ఆ దేశంలో ఉండనిస్తారు. అది పోతే మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

ఇంట్లో సంగతీ అంతంతమాత్రమే. రెండు గదుల ఇల్లు, ఒక గదికి కిటికీ లేదు. వాకిలి తలుపు దానంతటదే తాళం పడిపోయే రకం. వచ్చిన వారంలోనే డ్రైవరు భార్య చెత్త పారేయడానికి గుమ్మం దాటి, చెప్పుల్లేకుండా మెట్ల మీద కూర్చుండిపోయింది. "ఇంటికి మనం తాళం వేయడం చూశాను గానీ, ఇల్లే మనల్ని బయటపెట్టి తాళం వేసుకోవడం ఇక్కడే చూశాను," అని ఆవిడ తర్వాత నవ్వింది గానీ ఆ రోజు మాత్రం ఏడ్చింది. ఇక అప్పటినుంచి తాళంచెవులు ముగ్గురి మెడల్లోనూ వేలాడుతున్నాయి.

ఆవిడకి ఒక పెద్ద హోటలు వాళ్ళ బట్టలు ఉతికే చోట పని దొరికింది. ఉతికిన దుప్పట్లు వేడి యంత్రంలోంచి వస్తుంటే ఇద్దరు చెరో కొసా పట్టుకుని మడవాలి. ఆ పని తెల్లారకముందే మొదలు, అందుకని అందరికంటే ముందు ఇల్లు వదిలేది ఆవిడే. ఆ తర్వాత డ్రైవరు డిపోకి వెళ్ళేవాడు. మిగిలేది పిల్ల. తనే జడ వేసుకుని, తనే పాలు తాగి, తలుపు లాగి, వీధి చివర స్టాపులో నిలబడేది. కాసేపటికి నాన్న బస్సు వచ్చేది. ఎక్కి, మధ్య తలుపు దగ్గర సీట్లో కూర్చుని, బడి దగ్గర దిగిపోయేది. బస్సు నడుపుతూ మాట్లాడకూడదు కనుక తండ్రీకూతుళ్ళు అద్దంలోనే ఒక నవ్వు నవ్వుకునేవాళ్ళు. సొంత ఊళ్ళో అయితే ఆ పిల్లని బడికి పంపడానికి సగం వీధి ఆయాసపడేది.

ఒకరోజు ఆ పిల్ల బడి దగ్గర దిగుతూ, ఏం తోచిందో ఏమో, బస్సు పక్కన రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. చిన్నప్పుడు నాన్న బస్సులో కండక్టరు ఒళ్ళో కూర్చుని నేర్చుకున్న దెబ్బలే. లోపల డ్రైవరు పాదం తేలిగ్గా లేచింది. బస్సు వెన్నముద్దలా జారిపోయింది. ఆ దేశంలో అడుగుపెట్టాక ఒక స్టాపు నుంచి అనుమానం లేకుండా కదలడం అతనికి అదే మొదలు. ఆ రోజంతా హుషారుగా ఉన్నాడు.

"ఇవాళ రైట్ కొట్టింది ఎవరబ్బా?" అన్నాడు సాయంత్రం, తెలియనట్టు.

"నేనే! నీకు వినిపించిందా నాన్నా?"

"వినిపించడమేమిటి, ప్రాణం లేచొచ్చింది. రోజూ కొట్టు కండక్టరమ్మా."

భార్య కూడా నవ్వింది. "జీతం ఇస్తారేమో అడగవే," అంది. ముగ్గురూ కలిసి నవ్వుకున్న సాయంత్రాలు ఆ ఇంట్లో అరుదు, అందుకని ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. మిగతా స్టాపుల్లో అద్దం చూసేవాడు. బడి స్టాపులో మాత్రం తల కాస్త పక్కకి వంచి, చెవి అటు పెట్టేవాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కేటప్పుడు అది అడుసులా కనపడితే కదా!

ఆ బస్సులో రోజూ ఒక ముసలావిడ ఎక్కేది. సన్నటి చేతికర్ర, భుజాన ఆకుపచ్చ సంచి. ఆవిడ కూడా బడి స్టాపులోనే దిగేది, ఎప్పుడూ ముందు తలుపులోంచి, డ్రైవరుకి తల ఊపి మరీ. వాన పడిన రోజున ముందు తలుపు దగ్గర గొడుగులు మూసుకుంటూ ఎక్కేవాళ్ళు అడ్డంగా నిలబడ్డారు. ముసలావిడ అటు చూసి, ఎందుకొచ్చిన తోపులాటలే అనుకుందో ఏమో, పిల్ల వెనకాలే మధ్య తలుపుకేసి నడిచింది. పిల్ల దిగింది. వానలో తడుస్తూ, ఎప్పటిలాగే రేకు మీద రెండు దెబ్బలు వేసింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకు చూస్తుంది? తను దిగానని నాన్నకి చెప్పడమే ఆ పిల్లకి తెలిసిన పని. అందరూ దిగారో లేదో చూడమని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

డ్రైవరు మీట నొక్కాడు. ముసలావిడ అప్పుడే కింద కాలు పెట్టింది. తలుపు మనిషిని తాకితే దానంతటదే తెరుచుకుంటుంది గానీ, మధ్యలో చిక్కుకున్నది సన్నటి కర్ర కావడంతో తలుపుకి ఏమీ తెలియలేదు. కర్రని పట్టుకున్న చెయ్యి వదలలేదు. బస్సు కదిలింది. ఎవరో కేక పెట్టారు. ఆ కేకతో పాటు రేకు మీద ఒకటే దెబ్బ పడింది, గట్టిగా. డ్రైవరు బ్రేకు తొక్కాడు. బస్సు పట్టుమని పది అడుగులు కూడా పోలేదు గానీ, ముసలావిడ అప్పటికే నేల మీద ఉంది. ఆకుపచ్చ సంచిలోంచి పళ్ళు రోడ్డు మీద దొర్లుతున్నాయి.

ఆ ఒక్క దెబ్బ కొట్టింది కూడా కూతురే. అరచెయ్యి ఎర్రగా కందిపోయి, వానలో నిలబడి ఉంది. డ్రైవరు పరుగున దిగి ముసలావిడ పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆ దేశపు భాషలో నేర్చుకున్న నాలుగు ముక్కలూ నోటికి రాలేదు. "అమ్మా, అమ్మా," అని తన భాషలోనే అన్నాడు. మళ్ళీ తలెత్తి చూసేసరికి కూతురు అక్కడ లేదు.

ముసలావిడకి మణికట్టు విరిగింది. కట్టు కట్టారనీ, ప్రాణానికి ఏమీ భయం లేదనీ సూపర్‌వైజరు చెప్పాడు. "విచారణ అయ్యేదాకా బస్సు ముట్టుకోకు, ఇంట్లోనే ఉండు. కెమెరాల్లో పడిన బొమ్మలు చూసి నిర్ణయిస్తారు," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. కోప్పడితే బాగుండునని డ్రైవరుకి అనిపించింది.

ఇక ఇంట్లో రోజులు మొదలయ్యాయి. పని లేని మగాడు ఇంట్లో ఎంత చోటు ఆక్రమిస్తాడో ఆ రెండు గదుల ఇంటికి అప్పుడే తెలిసింది. కిటికీ దగ్గర కూర్చుంటే కింద రోడ్డు మీద బస్సులు పోతూ కనిపించేవి. ప్రతి బస్సూ స్టాపులో ఆగినప్పుడు డ్రైవరు పాదం నేలని నొక్కిపెట్టేది. పిల్ల ఇప్పుడు బస్సెక్కడం లేదు. నడిచే వెళ్తానంది. ఎందుకని అడిగితే "ఊరికే" అంది. అన్నంలో వేళ్ళు తిప్పుతూ కూర్చునేది, ముద్ద దిగేది కాదు.

"బడి ఎలా ఉందే?" అని అడిగేవాడు తండ్రి.

"బాగుంది నాన్నా," అనేది. వచ్చిన కొత్తలో ఏం చెప్పేదో ఇప్పుడూ అదే చెప్పేది.

విచారణ ముందురోజు సాయంత్రం భార్య దుప్పట్ల వాసనతో ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా డ్రైవరు ఎదురుగా కూర్చుంది. పిల్ల కిటికీ లేని గదిలో చదువుకుంటోంది. ఆ గదికి తలుపు లేదు, ఒక తెర మాత్రం ఉంది.

"రేపు ఏం చెప్తారు?" అంది.

"ఉన్నది చెప్తా."

"ఉన్నది అంటే? నా కూతురు తడితే బస్సు నడిపానని చెప్తారా? నాలుగో తరగతి పిల్ల చేతిలో బస్సు పెట్టావా అని అప్పటికప్పుడే ఇంటికి పంపేస్తారు."

"అద్దం మీద వాన పడి మసకగా ఉందంటే?"

"వానవల్లేనని నాకూ తెలుసు, కానీ వాళ్ళకి ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంటుంది. అద్దం తుడుచుకోవడం ఎవరి పని అంటారు." ఆవిడ గొంతు తగ్గించింది. "నేను ఆలోచించాను. ఎవరో పిల్ల అల్లరికి బస్సు మీద కొట్టింది, ఆ చప్పుడికి ఉలిక్కిపడ్డాను, కాలు జారింది అనండి. ఆ పిల్ల ఎవరంటే తెలీదనండి. బడి పిల్లలందరూ ఒకే రకం కోటు వేసుకుంటారు, తలమీద టోపీ. ఎవరెవరో వాళ్ళకేం తెలుసు?"

"మన పిల్లని తెలీదనమంటావా?"

"ఒక్క మాట అంటే దాని ఒళ్ళు అరిగిపోతుందా? ఉద్యోగం పోతే ఎక్కడికి పోదామండీ? అక్కడ ఉన్న ఇల్లు ఖాళీ చేసి వచ్చాం, మీ బస్సు ఇంకొకరికి ఇచ్చేశారు. వేడి యంత్రం దగ్గర నా చేతులు చూశారా ఎలా అయ్యాయో? ఇదంతా ఆ పిల్ల కోసం కాదూ?"

ఆవిడ చేతులు చాపింది. వేళ్ళ చివర తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. ఆవిడ చెడ్డ మనిషి కాదు. భయపడ్డ మనిషి. భయపడ్డ ఆడదాని లెక్కలు ఎప్పుడూ పిల్లల చుట్టూనే తిరుగుతాయి, ఒక్కోసారి తిరిగి తిరిగి ఆ పిల్లల్నే తొక్కేస్తాయి. డ్రైవరు ఆ చేతులు పట్టుకుని, "సరేలే, అలాగే చెప్తా," అన్నాడు. ఆ క్షణంలో నిజంగానే అలా చెప్పాలనుకున్నాడు.

తెర కదిలింది. పిల్ల మంచినీళ్ళ కోసం వచ్చినట్టు వచ్చి, గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది.

"నాన్నా, కెమెరాకి చెవులుంటాయా?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఉండవమ్మా. చూపే," అన్నాడు డ్రైవరు.

పిల్ల తల ఊపింది. నీళ్ళు తాగకుండానే గ్లాసు అక్కడ పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. వింటే తన దెబ్బలు దొరుకుతాయని భయమో, వినదు కనుక తనని తెలీదన్నా చెల్లిపోతుందని దిగులో, అడిగే ధైర్యం తల్లికీ లేకపోయింది, తండ్రికీ లేకపోయింది.

మర్నాడు డిపోలో పై అంతస్తు గది. బల్లకి అటు విచారణ అధికారి, జుట్టు కురచగా కత్తిరించుకున్న నడివయసు స్త్రీ. పక్కన సూపర్‌వైజరు. గోడ మీద తెర. డ్రైవరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు, అప్పటికే అది వీపుకి అంటుకుపోయింది.

ముందు వాన రోజు బొమ్మ వేశారు. చప్పుడు లేదు. డ్రైవరు తనని తాను చూసుకున్నాడు. మీట మీద చెయ్యి. కళ్ళు అద్దం వైపు లేవు, ఎక్కడా లేవు. తల పక్కకి వాలి ఉంది. ఇంకో బొమ్మలో, బయటి కెమెరాలో, టోపీ పెట్టుకున్న పిల్ల దిగడం, చెయ్యెత్తి కొట్టడం, వెనక కర్ర, వెనక ముసలావిడ. మిగతాది చూడలేక అతను తల దించుకున్నాడు.

"మీ తల ఇలా ఎందుకు వంచారు?" అని అడిగింది అధికారి. "మీరు మిగతా స్టాపుల్లో అద్దం చక్కగా చూస్తున్నారు. ఇక్కడ మాత్రం చూడలేదు. ఈ ఒక్కరోజేనా, రోజూ ఇంతేనా అని అంతకుముందు రోజులవి కూడా తెప్పించాను. చూడండి."

తెర మీద ఎండ కాసిన ఒక ఉదయం వచ్చింది. అదే స్టాపు. కూతురు దిగింది, నవ్వుతూ. రేకు మీద రెండు దెబ్బలు. బస్సు కదిలింది. కెమెరా బస్సుకే ఉంది కనుక పిల్ల మెల్లగా వెనక్కి జరుగుతూ కనిపించింది. అంతవరకూ ఉన్న నవ్వు దీపం ఆర్పినట్టు పోయింది. మిగతా పిల్లలు గుంపులు గుంపులుగా ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని గేటులోకి పోతున్నారు. ఈ పిల్ల గోడవారకి వెళ్ళి, సంచీని గుండెకి హత్తుకుని, బస్సు వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది. ఎవరూ పలకరించలేదు. తను ఎవరినీ పలకరించలేదు.

ఇంకో ఉదయం. దిగడం, నవ్వు, రెండు దెబ్బలు, గోడ. ఇంకో ఉదయం కూడా అంతే. ఎప్పుడూ అదే గోడ, అదే చోటు.

డ్రైవరు తెర మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. ఇన్నాళ్ళూ ఆ రెండు దెబ్బలు విని, పిల్ల బడికి చేరిపోయిందని నిశ్చింతగా గేరు మార్చాడు. సాయంత్రం "బాగుంది నాన్నా" విని, బాగుందని నమ్మాడు. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు అద్దంలోకి చూసి ఉంటే వాన రోజైతే తలుపులో ముసలావిడ కనిపించేది, ఇంకే రోజైనా గోడవార తన పిల్ల కనిపించేది.

"ఆ పాప రోజూ బస్సు మీద కొడుతోంది. ఎందుకో తెలుసా? ఎవరా పాప?" అంది అధికారి.

సూపర్‌వైజరు ముందుకి వంగాడు. అతనికి ఈ డ్రైవరంటే ఇష్టం. "బడి పిల్లలండీ, అల్లరి. ఎవరో అయ్యుంటుంది. ఆ చప్పుడుకి ఇతను కంగారుపడి ఉంటాడు. బడివాళ్ళకి చెప్పి, ఆ పిల్లెవరో కనుక్కుని మందలిస్తే సరిపోతుంది," అన్నాడు. అన్నం కలిపి నోటి దగ్గర పెట్టినట్టే. డ్రైవరు ఔనంటే చాలు.

ఔననడానికే వచ్చాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. తెర మీద పిల్ల ఇంకా గోడకి ఆనుకునే ఉంది, ఎవరో బొమ్మని అక్కడ ఆపేశారు.

"నా కూతురండీ," అన్నాడు.

అధికారి కలం కింద పెట్టి, చెప్పమన్నట్టు తల ఊపింది.

"మా దేశంలో కండక్టరు కొడితే బస్సు తీస్తాం. ఇక్కడ కండక్టరు లేడు. నేనే దాన్ని కొట్టమన్నాను. అది కొడుతుంది, నేను తీస్తాను. అద్దం చూడలేదు. రోజూ చూడలేదు. దాన్ని ఎవరూ మందలించొద్దు. తప్పు దానిది కాదు." వచ్చీరాని ఆ భాషలో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. చివరి ముక్కని మళ్ళీ చెప్పాడు, అర్థం కాలేదేమోనని. "తప్పు దానిది కాదు."

సూపర్‌వైజరు కళ్ళు మూసుకున్నాడు. అధికారి తెర ఆర్పి, కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ తర్వాత ఆవిడ చెప్పిన మాటలు కఠినంగానే ఉన్నాయి. బస్సు నడపడం ఇప్పట్లో కుదరదు. డిపోలో బస్సులు కడిగే పని ఇస్తారు, జీతం తగ్గుతుంది. కొన్ని నెలలయ్యాక మళ్ళీ మొదటినుంచి శిక్షణ, మళ్ళీ పరీక్ష. అందులో పోతే ఇంక అంతే. ఉద్యోగం పోలేదు, నిలవనూ లేదు, గుమ్మం మీద నిలబడింది.

ఇంటికొచ్చి చెప్పేసరికి భార్య గోడ పట్టుకుంది.

"నోటి దాకా వచ్చిన ముద్ద కాలదన్నుకున్నారు. సూపర్‌వైజరే వెనకేసుకొస్తుంటే మీకేం తెగులు?" అంది. ఇంకా చాలా అంది. ఆవిడ అలసిపోయి ఆగాక, డ్రైవరు తెర మీద తను చూసింది చెప్పాడు. నవ్వు, దెబ్బలు, గోడ. ఇంకో ఉదయం, మళ్ళీ గోడ. ఆవిడ వింటూ వింటూ కింద కూర్చుండిపోయింది. వేడి యంత్రం ముందు నిలబడి దుప్పటి కొసలు పట్టుకునే వేళకి తన పిల్ల గోడకి ఆనుకుని ఉంటోందని ఆవిడకి మాత్రం ఎవరు చెప్పారు?

కళ్ళు తుడుచుకుని, "ఆ పెద్దావిడ ఎక్కడుంటుందో కనుక్కోండి. చెయ్యి విరగ్గొట్టి పలకరించకపోతే మనం మనుషులమేనా?" అంది. అది ఒప్పుకోలో, ఇంకో రకం కోపమో డ్రైవరుకి తెలియలేదు. తల ఊపాడు.

పిల్ల బడి నుంచి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది. తలుపు ఎక్కడ తాళం పడిపోతుందోనని తండ్రి లేచి పట్టుకున్నాడు.

"చెప్పేశావా నాన్నా?"

"చెప్పాను."

"ఎవరో పిల్ల అనా?"

"నా కూతురని చెప్పాను. నేనే కొట్టమన్నానని చెప్పాను."

పిల్ల మొహం వంకర్లు తిరిగింది. "నేను వెనక్కి చూడాల్సింది నాన్నా. కండక్టరైతే చూస్తాడు కదా," అని ఒక్కసారిగా బావురుమంది. ఇన్ని రోజులూ ఆ మాట ఆ చిన్న గుండెలో పడి ఉంది. తల్లి వచ్చి ఇద్దర్నీ కలిపి పట్టుకుంది. తలుపు పెద్ద చప్పుడుతో మూసుకుని తాళం పడిపోయింది, కానీ అప్పటికి ముగ్గురూ లోపలే ఉన్నారు.

బస్సులు కడిగే పని మధ్యాహ్నం మొదలవుతుంది. దాంతో ఆ ఇంట్లో ఉదయాలు మళ్ళీ మారిపోయాయి. మర్నాడు జడ వేసింది తండ్రి. వంకరగా వచ్చింది, అయినా పిల్ల విప్పలేదు. ఇద్దరూ స్టాపుకి వెళ్ళారు. పిల్ల బస్సెక్కడానికి కాసేపు జంకింది, తండ్రి చెయ్యి పట్టుకుని ఎక్కింది. ఎవరో కొత్త డ్రైవరు నడుపుతున్నాడు. బడి దగ్గర ఇద్దరూ దిగారు. అలవాటుగా పిల్ల చెయ్యి రేకు మీదకి లేచింది. లేచిన చేతిని గబుక్కున కోటు జేబులో పెట్టేసుకుంది. లోపల కొత్త డ్రైవరు అద్దంలో వాళ్ళిద్దర్నీ చూసి, తలుపు చూసి, మళ్ళీ అద్దం చూసి బస్సు తీశాడు.

గోడ దగ్గరికి వచ్చాక పిల్ల ఆగింది. "నువ్వు వెళ్ళు నాన్నా. నేను వెళ్తాలే."

"నువ్వు లోపలికి వెళ్ళేదాకా ఇక్కడే ఉంటా."

"అందరూ చూస్తారు."

"చూడనీ. నేను నిన్నే చూస్తా."

పిల్ల మెల్లగా గేటు వైపు నడిచింది. గుంపులు పక్కనుంచి పోతున్నాయి. గేటు దగ్గర వెనక్కి తిరిగింది. తండ్రి అక్కడే ఉన్నాడు. ఇంక వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపింది. అతను కదల్లేదు. అప్పుడు ఆ పిల్ల నవ్వి, జేబులోంచి చెయ్యి తీసి, ఇనప గేటు మీద అరచేత్తో కొట్టింది. ఒకటి, రెండు.

ఆ చప్పుడు గోడ దగ్గరికి స్పష్టంగా వినిపించింది. బతుకంతా ఆ రెండు దెబ్బలకి కదిలిన మనిషి, వంకర జడ గుంపులో కలిసి మెట్లెక్కి కనుమరుగయ్యేదాకా నిలబడిన చోటు నుంచి కదలలేదు.